ఈశాన్యం మెట్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారే గానీ, ఇల్లు అమ్మి చూడు అని ఎవరూ అనలేదు. అన్నవాడికి అమ్ముకునే అవసరం రాలేదేమో. నాకొచ్చింది. అదీ మామూలు ఇల్లయితే బాగుండేది. మాది నేల లేని ఇల్లు.

గుంటూరు పట్నంబజారు వెనక సందులో, కింద మిరపకాయల గోడౌను, పైన మేము. వెనకటి రోజుల్లో ఈ చుట్టుపక్కల పత్తి కొని ఓడలకెక్కించే తెల్లదొర ఒకాయన కట్టించుకున్న మేడ అది. కింద పత్తి బేళ్ళు, పైన ఆయన కాపురం. మా తాత ఆయన దగ్గర బట్లరు. దొర దేశం వదిలిపోయేటప్పుడు కింది భాగం ఒక షావుకారుకి అమ్మేసి, పై భాగం మా తాత పేర రాసిపోయాడు. కాగితంలో ‘మేడ వరకు మాత్రమే’ అని ఉంది. గజం నేల మాది కాదు. మనం ఆకాశంలో ఆస్తిపరులం అని మా నాన్న నవ్వేవాడు.

ఆ మేడ చూసినవాళ్ళు ముందు నోరు తెరిచేవాళ్ళు. మధ్యలో నలభై అడుగుల హాలు. దాని ఉత్తరపు గోడకి నడుం ఎత్తు నుంచి పైకప్పు దాకా అన్నీ అద్దాలే. పత్తి రకం కట్టాలంటే ఎండ పడకూడదట, ఉత్తరపు వెలుగులోనే దూది అసలు రంగు బయటపడుతుందట. దొర అక్కడ బల్లలు వేయించి శాంపిళ్ళు పరుచుకుని చూసేవాడట. బర్మా టేకు దూలాలు, చెక్క నేల. మేం అటూ ఇటూ నడిస్తే కింద గుమాస్తాకి తెలిసిపోయేది, టీచరు గారు వంటింట్లోకి పోతున్నారని. పైకి రావటానికి ఈశాన్యం మూల రాతి మెట్లు. దొరసానికి మోకాళ్ళ నొప్పులని ఎత్తు తక్కువగా, వెడల్పు ఎక్కువగా పెట్టించారు. పడుచు పిల్లలు రెండేసి ఎక్కేవాళ్ళు. మా తమ్ముడు ఒక్కొక్కటే ఎక్కి, మధ్యలో ఒకసారి కూర్చునేవాడు.

అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను ఆడపిల్లల మిషన్ స్కూల్లో టీచర్ని. అప్పటికి ముప్పై ఆరేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కళ్ళకి ఒక్కో కారణం చెప్పేదాన్ని. తమ్ముడికి ఇరవై ఆరు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం వాడి గుండెలో వాల్వుని కొరుక్కు తినేసింది. ఉద్యోగానికి పోలేడు గనక ఆ హాల్లో అద్దాల కింద చాపలు పరిచి పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వాడికి నవ్వు పెదాల మీద ఉండేది. మా అక్క ప్రార్థన మొదలుపెడితే దేవుడు కూడా చేతులు కట్టుకుని నిలబడతాడర్రా అని పిల్లలకి చెప్పేవాడు, నాకు వినపడేలాగే.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా గుంటూరు డాక్టరు నన్ను విడిగా పిలిచి చెప్పాడు. ఆరేడు నెలల్లోగా మద్రాసు తీసుకెళ్ళి వాల్వు మార్పించాలి. ఆలస్యమయితే గుండె వాచి వదులైపోతుంది, ఆ తరవాత ఎంత డబ్బు పోసినా ఎవరూ కత్తి పట్టరు. ఆ సంగతే చీటీ మీద కూడా రాసిచ్చాడు. మాకున్నది ఆ మేడ ఒక్కటే. మర్నాడే బ్రోకరుకి కబురు పెట్టాను.

గుంటూరులో ఇళ్ళు కొనేది గుంటూరు వాళ్ళు కాదు. పత్తి పండితే, మిరపకి ధర వస్తే, పల్లెల నుంచి రైతులు వచ్చి కొంటారు, పిల్లల చదువులకని. వాళ్ళకి నేల కావాలి. ఒకాయన మా చెక్క నేలని మడమతో తొక్కి చూసి, కింద మనది కానప్పుడు పైన మనదెట్టా అవుద్దమ్మా అని అడిగాడు. ఇంకొకాయన బోరు ఎక్కడ వేసుకోవాలని అడిగాడు. పొన్నూరు నుంచి వచ్చిన ఒకావిడ ఇల్లంతా తిరిగి, అద్దాలు చూసి మురిసిపోయి, చివరికి గేదెని ఎక్కడ కట్టేసుకోవాలమ్మా అంది. మా తమ్ముడు పడీ పడీ నవ్వి, ఆయాసం వచ్చి గోడకి ఆనుకున్నాడు. కొందరు గోడ మీద సిలువ చూసి ఏమీ అడగకుండానే దిగిపోయేవాళ్ళు. ఎదుటివాడిది ఏ పేటో అడక్కుండా తెలుసుకునే విద్య మా జిల్లాలో అందరికీ ఉంది.

అట్లాంటప్పుడు వచ్చాడు ఆయన. పర్చూరు అవతల పల్లెలో రైతు. యాభై దాటినవాడు, బక్కగా, తెల్లపంచె, చంకలో గొడుగు. కిందటేడు పత్తి బాగా పండి చేతిలో డబ్బు ఆడుతోంది. కూతురు పది పాసయింది. పిల్లనీ తల్లినీ గుంటూరులో పెట్టి ఇంటర్మీడియట్ చదివించాలని ఆయన పట్టుదల. హాల్లోకి వచ్చి అద్దాల కింద నిలబడి, “ఇక్కడ పత్తి చూసేవాళ్ళు కదూ” అన్నాడు. అప్పటిదాకా వచ్చినవాళ్ళలో ఒక్కడికీ తట్టని మాట. మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఇద్దరూ కూర్చుని చాలాసేపు దూది గురించీ వెలుగు గురించీ మాట్లాడుకున్నారు. నేల సంగతి బ్రోకరే భయపడుతూ ఎత్తితే, చదువుకునే పిల్లకి నేలెందుకు లెండి అన్నాడు. ధర కూడా మేం చెప్పిందే ఒప్పుకున్నాడు.

నేను కాఫీ తెచ్చాను. ఉన్నవాటిలో మంచి కప్పుల్లో. ఆయన కప్పు వంక చూసి, రెండు చేతులూ జోడించి, అలవాటు లేదమ్మా అన్నాడు.

ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. మా అమ్మ విన్నది, మా అమ్మమ్మ విన్నది. అలవాటు లేదు, ఇప్పుడే తాగొచ్చాను, ఒంట్లో బాగాలేదు. ఎన్ని రకాలుగా చెప్పినా అర్థం ఒకటే. ఆ కాఫీ ఆయన ముందే చల్లారి మీగడ కట్టింది. ఆయన దిగిపోయాక కప్పు విసురుగా కడిగి బోర్లించాను.

మరుసటి వారం ఆయన వాస్తు చూసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఈశాన్యం మూల బరువు ఉండకూడదు, ఉంటే ఇంట్లో పిల్లలకి మంచిది కాదు, ఈ మెట్లు తీసేసి నైరుతిలో కట్టుకోవాలన్నాడు. రైతు మా తమ్ముడి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఖర్చంతా ఆయనదే, కింది షావుకారుని ఒప్పించే పనీ ఆయనదే. మేస్త్రీని ఆయనే పంపిస్తాడు. మేం వేరే ఇల్లు చూసుకునేదాకా ఉంటామంటే కొత్త మెట్లు కూడా ఇంతే తక్కువ ఎత్తులో కట్టిస్తాడు. ఒక్కటే కోరిక. మెట్లు పడగొట్టటం మాత్రం రిజిస్ట్రేషన్ కంటే ముందు, ఇల్లు మా పేర ఉండగానే జరగాలి. దోషం ఉన్న ఇల్లు ఆయన పేరు మీదికి రాకూడదు.

ఆయన అడిగింది అంతే. గడ్డపార పట్టుకున్న నలుగురు మనుషులకి రెండు రోజుల పని.

“మీ దోషాలకి మా తాత ఎక్కిన మెట్లు పడగొట్టమండీ,” అన్నాను. “మా దేవుడికి మూలలు ఉండవు. మీరిక దయచేయండి.”

బ్రోకరు తల పట్టుకున్నాడు. రైతుకి కోపం రాలేదు. మా తమ్ముడి వంక చూసి, ఆలోచించుకోండి బాబూ, తొందరేం లేదు అని గొడుగు తీసుకుని దిగిపోయాడు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి మా తమ్ముడు అన్నాడు, “మన దేవుడికి మూలలు లేవు, సరే. మరి మెట్లుంటే ఆయనకేం, పోతే ఆయనకేం అక్కా?” నోరు ముయ్యరా అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ శనివారం మా చర్చి సంఘంలో ఒకరి ఇంట్లో గృహ ప్రార్థన. దేవుడు తమకి చేసింది చెప్పుకునే సాక్ష్యాల వేళకి నేను లేచి నిలబడ్డాను. ఇట్లా ఒకాయన వచ్చాడు, పూర్తి ధర ఇస్తానన్నాడు, మూఢనమ్మకానికి తలొంచమన్నాడు, తమ్ముడి ప్రాణం మీదికి వచ్చినా నేను ఒప్పుకోలేదు, మా అవసరం ప్రభువుకి తెలుసు అని చెప్పాను. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముసలమ్మలు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రసంగంలో పేరు చెప్పకుండా నా సంగతే చెప్పారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఎంత గర్వపడ్డానో చెప్పటానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ సాక్ష్యంలో దేవుడు లేడు. ఆ రైతు తాగకుండా వదిలేసిన కాఫీ ఉంది. ఆ కోపం మెట్ల మీద చూపించాను, దానికి విశ్వాసమని పేరు పెట్టాను. మా తమ్ముడికి ఆ సంగతి ఆ రోజే తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు.

ఇక కొనేవాళ్ళు రాలేదు. స్కూళ్ళు తెరిచారు, వానలు పడ్డాయి, పల్లెల్లో అందరూ పత్తి మీద పడ్డారు. ఉన్న రూపాయి విత్తనాలకీ మందులకీ కౌలుకీ పోతే ఇళ్ళెవరు కొంటారు? పంట రానివ్వండి టీచరు గారూ, అప్పుడు చూడండి అనేవాడు బ్రోకరు. మధ్యలో రెండుసార్లు, ఆ పర్చూరు ఆయన్ని అడగమంటారా అని నసిగాడు. అడగమనాలనే అనిపించేది. కానీ సంఘమంతటి ముందు చెప్పిన మాట ఎట్లా మింగను? గడ్డపారలతో మెట్లు పగలగొడుతుంటే ఆదివారం ఏ మొహం పెట్టుకుని కూర్చోను? నా మొహం గురించి ఆలోచించుకుంటూ కూర్చున్నాను. నాలుగు నెలలు పోయాయి.

తమ్ముడు ముందు కిందికి దిగటం మానేశాడు. దిగితే ఎక్కాలి కదక్కా అనేవాడు. తరవాత పడుకోవటం మానేశాడు, పడుకుంటే ఊపిరి ఆడదు, దిండ్లకి ఆనుకుని కూర్చునే కునికేవాడు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. కింద గోడౌనులో మిరప బస్తాలు కదిలించిన రోజున చెక్కల సందుల్లోంచి ఘాటు పైకి లేచేది. వాడు దగ్గి దగ్గి నీలంగా అయిపోయేవాడు. పిల్లలు ఒక్కొక్కళ్ళే రావటం మానేశారు. ఒకరోజు కాళ్ళకి తైలం రాస్తుంటే, “మెట్లంటే రాళ్ళే కదక్కా,” అన్నాడు. అంతే అన్నాడు.

క్రిస్మస్‌కి నెల ముందు, ఒక శనివారం పొద్దున్నే, వాడికి చెప్పకుండా, సంఘంలో ఎవరికీ చెప్పకుండా పర్చూరు బస్సెక్కాను. చిలకలూరిపేట దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు పక్కలా చేలు నల్లగా కనిపిస్తున్నాయి. తగలబెట్టారేమో అనుకున్నాను. బస్సులో మాటలు లేవు. కండక్టరు టిక్కెట్లు అడగటం కూడా మెల్లగా అడుగుతున్నాడు.

పర్చూరులో దిగి, ఆయన ఊరు చేరి అడిగితే చేలో ఉన్నాడన్నారు. గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ మందు డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. నేను చేలోంచి నడుస్తుంటే ప్రతి మొక్క నుంచీ తెల్లగా దోమ పొగలాగా లేచింది, చీర మీద, కళ్ళలో, నోట్లో. ఆకులు బంక బంకగా ఉన్నాయి. ఆ బంక మీద మసి పట్టి, విచ్చిన కాయల్లో దూది కూడా నల్లబడింది. ఎన్ని మందులు కొట్టినా ఆ తెల్లదోమ పోలేదట. పక్క ఊళ్ళో ఒకాయన మిగిలిన మందు తనే తాగాడని వెనక వస్తున్న కూలామె చెప్పింది.

ఆయన నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మొదట తమ్ముడెట్లా ఉన్నాడని అడిగాడు. నేను చెప్పాను. తరవాత, దారిపొడుగునా కూడబెట్టుకున్న మాట చెప్పాను. మెట్లు పడగొట్టిస్తానండీ, సోమవారమే పడగొట్టిస్తాను, ధర కూడా మీ ఇష్టం అన్నాను. నా గొంతులో టీచరమ్మ లేదు. అడుక్కుంటున్నాను.

ఆయన ఒక కాయ తెంపి, నల్లబడ్డ దూదిని వేళ్ళతో విప్పి చూపించాడు.

“మీరు మెట్లు తీసినా, ఇల్లు ఊరికే ఇచ్చినా ఇప్పుడు నేను ఎక్కలేనమ్మా,” అన్నాడు. “మీరు కాదన్నాక డబ్బు ఖాళీగా ఉందని ఇంకో ఇరవై ఎకరాలు కౌలుకి పట్టాను. ఆ డబ్బు మీ ఇంట్లో పడుంటే నిలిచేది. మీకూ పనికొచ్చేది, మాకూ మిగిలేది.”

నిందగా అనలేదు. నిందగా అని ఉంటే కోప్పడి ఆ బరువు దించుకునేదాన్నేమో. గుంటూరు హాస్టల్లో చేర్పించిన కూతుర్ని చదువు మాన్పించి ఇంటికి తెచ్చుకున్నాడట.

ఎండన పడి వచ్చారు, ఇంటికి రండమ్మా అని తీసుకెళ్ళాడు. వసారాలో మంచం వాల్చారు. ఆయన భార్య పెద్ద గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చి, ఏమనుకోకమ్మా, మా ఇంట్లో కాఫీలూ టీలూ ఉండవు, ఈయనకి కడుపులో పుండు, చుక్క పడినా మెలికలు తిరిగిపోతాడు, అందుకని పొడి కొనటమే మానేశాం అంది.

గ్లాసు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నా వంక చూస్తోంది. ఎట్లా తాగానో, ఎట్లా లేచానో తెలియదు. బస్సులో గుంటూరు దాకా కళ్ళ నీళ్ళు ఆగలేదు. మా వాళ్ళు తరతరాలుగా విన్న మాటకి నాకు తెలిసిన అర్థం ఒకటే, తప్పంతా నా ఒక్కదానిదేనా అని ఇన్నేళ్ళుగా నాలో నేనే వాదించుకుంటున్నాను. అప్పుడప్పుడు గెలుస్తాను కూడా. గెలిస్తే మాత్రం ఏమొచ్చింది?

ఆ చలికాలం గుంటూరులో ఇల్లు అమ్ముతామన్నవాళ్ళే గానీ కొంటామన్నవాళ్ళు లేరు. బ్రోకరు టీ కొట్టు దగ్గర కూర్చుని బీడీలు కాల్చుకునేవాడు. నేలున్న ఇళ్ళే పోవటం లేదు టీచరు గారూ, మీది గాల్లో ఉంది అన్నాడు. చివరికి కింది షావుకారే కొన్నాడు. మేడ తన గోడౌనుకి కలుపుకోవాలని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాడని నాకు తెలుసు. వేసవిలో రైతు ఇస్తానన్న దాంట్లో సగానికి కూడా రాలేదు. ఈ కరువులో మీ తమ్ముడి మొహం చూసి నేను గనక తీసుకుంటున్నానమ్మా అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు. సంతకం పెట్టాను. మద్రాసు ఆపరేషన్‌కి బొటాబొటిగా సరిపోతుందని లెక్క తేలింది, అది చాలనుకున్నాను. సంఘం వాళ్ళు వచ్చి, చూశారా, ప్రభువు మెట్లు కదలకుండానే దారి చూపించాడు అని ప్రార్థన చేసి వెళ్ళారు. నేను కళ్ళు మూసుకోలేదు.

ఖాళీ చేసిన రోజు తమ్ముణ్ణి దించటానికి గోడౌను మోత కూలీల్నే పిలిచాను. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకుని దించారు. కింద పెట్టాక వాళ్ళలో పెద్దవాడు, బస్తా కంటే తేలిగ్గా ఉన్నాడమ్మా అని నాతో మెల్లగా అన్నాడు. తమ్ముడికి వినిపించింది. “పోన్లే, నాకు హమాలీ ఛార్జి సగమే తీసుకోండి,” అన్నాడు. ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చింది.

అరండల్‌పేటలో ఒక గది తీసుకుని సామాను పడేసి, వారం తిరక్కుండా మద్రాసు వెళ్ళాం. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు పరీక్షలు చేశారు. డబ్బు సంచి నడుముకి కట్టుకుని ఆ నాలుగు రోజులూ వరండాలో కూర్చున్నాను. తేలిక మనసుతోనే కూర్చున్నాను, నిజం చెప్పొద్దూ. ఇల్లు పోతే పోయింది, వచ్చేశాం కదా అనుకున్నాను. అయిదో రోజు పెద్ద డాక్టరు ఇద్దర్నీ పిలిచాడు. ఆయనకి తెలుగు వచ్చు. ఎక్స్‌రే ఫిల్ముని వెలుగుకి పట్టి చూపించాడు. గుండె పక్కకి పెరిగిపోయి, రొమ్ములో సగం అదే ఉంది. ఇప్పుడు బల్ల మీద పడుకోబెడితే లేవడమ్మా, మందులు రాసిస్తాను, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు.

ఏ ఇంటికని అడగలేదు నేను.

గుంటూరు డాక్టరు రాసిన పాత చీటీ ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని తీసి చదివాడు. మంచివాడు. తిట్టినట్టుగా అడగలేదు, తెలుసుకోవటానికే అడిగాడు.

“పోయిన వేసవిలోనే తీసుకెళ్ళమని రాశారు కదా. అప్పుడు వచ్చి ఉంటే చేసేవాళ్ళం. ఎందుకు రాలేదు?”

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకిప్పటికీ తెలియదు. నా కంటే ముందు మా తమ్ముడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందుకుంటూ, నవ్వుతూనే చెప్పాడు.

“ఇల్లు కొనేవాళ్ళు దొరకలేదండీ. ఒక్కళ్ళు కూడా. మా అక్క తిరగని చోటు లేదు.”

డాక్టరు జాలిగా నా వంక చూశాడు. నేను కాదనలేదు. ఆ తరవాత వాడు బతికిన మూడు నెలల్లో కూడా కాదనలేదు.